చావు చోటు చూడబోవడం: గంజాం నుంచి మల్కనగిరి దాకా ‘డార్క్ టూరిజం’ నేపథ్యం

గంజాం జిల్లాలో పురుషోత్తంపురానికి దగ్గరగా, ఋషికుల్య నది ఒడ్డున జౌగడ అనే పాత కోట ఉంది. ‘జౌ’ అంటే ఒడియాలో లక్క. గోడలు లక్కతో కట్టారనీ, ఎక్కబోయిన శత్రువు జారి కింద పడేవాడనీ చుట్టుపక్కల ఊళ్ళవారు చెప్పుకొంటారు. ఇప్పుడక్కడ మిగిలినవి మట్టికట్టల ఆనవాళ్ళు, ఒక గుట్ట, ఆ గుట్ట రాతి మీద చెక్కిన అశోకుడి శాసనాలు మాత్రమే. బరంపురం నుంచి ఆదివారాల్లో బయలుదేరి వచ్చే తెలుగు కుటుంబాలు ఆ రాతి ముందు నిలబడి అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: కళింగ యుద్ధం గురించి ఇందులో ఎక్కడ రాసి ఉంది?

ఎక్కడా రాసి లేదు. లక్షమంది హతులయ్యారనీ, లక్షన్నర మందిని చెరపట్టి తరలించారనీ, దానికి రాజు పశ్చాత్తాపపడుతున్నాడనీ చెప్పేది పదమూడో శిలాశాసనం. అది గుజరాత్‌లోని గిర్నార్‌లో ఉంది, ఉత్తరాఖండ్‌లోని కాల్సీలో ఉంది, మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ ఉంది. యుద్ధం జరిగిన కళింగ నేల మీది జౌగడలో గానీ, ధౌళిలో గానీ లేదు. ఈ రెండుచోట్లా పదకొండు, పన్నెండు, పదమూడు శాసనాలను వదిలేసి, వాటికి బదులు అధికారులను ఉద్దేశించి రెండు ప్రత్యేక శాసనాలు చెక్కించారు. ‘మనుషులందరూ నా బిడ్డలే’ అన్న ప్రసిద్ధమైన మాట వాటిలోనిదే. ఓడినవాళ్ళ ముందు వాళ్ళ చావుల లెక్క చదివి వినిపించడం పాలనకు మంచిది కాదని రాజు భావించి ఉంటాడన్నది చరిత్రకారుల్లో చాలామంది చేసే ఊహ. పాటలీపుత్రం ఏమనుకుందో గానీ, కర్నూలు రైతుకు చెప్పిన క్షమాపణను కళింగ రైతుకు చెప్పలేదన్నది మాత్రం రాతి మీదే కనిపిస్తున్న సంగతి.

చావులు జరిగిన చోటుకు జనం ఎందుకు వెళ్తారు, వెళ్ళినవారికి అక్కడి కథను ఎవరు చెబుతారు, చెప్పేవారు దేన్ని వదిలేస్తారు అనే ప్రశ్నలను విశ్వవిద్యాలయాల్లో పాఠ్యాంశంగా చదివే శాఖను ‘డార్క్ టూరిజం’ అంటున్నారు. ఆ పేరు పుట్టి దాదాపు ముప్పయ్యేళ్ళయింది. జైళ్ళు, కోటలు, జలాశయాలు ఒక్కొక్కటిగా పర్యాటక పటం మీదికి ఎక్కుతున్న ఈ సరిహద్దు జిల్లాల్లో ఉండే తెలుగువారికి దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిసి ఉండటం అవసరమనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

1996లో ‘ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ హెరిటేజ్ స్టడీస్’ అనే పత్రిక ఒక సంచికను ఈ విషయానికి కేటాయించింది. గ్లాస్గో కలెడోనియన్ విశ్వవిద్యాలయంలో పర్యాటక శాఖ అధ్యాపకులైన జాన్ లెనన్, మాల్కమ్ ఫోలీ అందులో ‘డార్క్ టూరిజం’ అనే మాటను ముందుకు తెచ్చారు. (పేరు చూసి పాటగాడు లెనన్ అనుకోకూడదు, ఈయన పర్యాటక వ్యాపారాన్ని బోధించే ఆచార్యుడు.) వారు తీసుకున్న ఉదాహరణ అమెరికా అధ్యక్షుడు కెనెడీ హత్య. 1963 నవంబరు 22న డాలస్‌లో ఏ భవనం ఆరో అంతస్తు నుంచి తుపాకీ పేలిందో ఆ అంతస్తునే 1989లో ప్రదర్శనశాలగా తెరిచారు, జనం టిక్కెట్టు కొనుక్కుని చూస్తున్నారు. ఇది ఎలా సాధ్యమైందన్నది వారి ప్రశ్న. టెలివిజన్ ఒక చావును ప్రపంచమంతటికీ ఒకేసారి చూపించగలగడం, అది చూసినవారికి విజ్ఞానం మీదా ప్రభుత్వాల మీదా కలిగిన అనుమానం, ఆ అనుమానాన్ని కూడా సరుకుగా మార్చి అమ్మగల వ్యాపారం కలిసినప్పుడే డార్క్ టూరిజం పుడుతుందని వారి వాదన. కాబట్టి బతికున్నవారి జ్ఞాపకంలో ఉన్న చావులకే ఈ పేరు వర్తిస్తుందని వారు గిరి గీశారు. 2000లో ఇద్దరూ కలిసి దీని మీద పుస్తకం తెచ్చిన తరవాత మాట పత్రికలకెక్కింది.

అదే సంచికలో, అదే గ్లాస్గో నగరంలోని స్ట్రాత్‌క్లైడ్ విశ్వవిద్యాలయం నుంచి ఎ. వి. సీటన్ అనే ఆచార్యుడు ఆ గిరిని ఒప్పుకోలేదు. గ్రీకులో చావును ‘థానటోస్’ అంటారు కాబట్టి ఆయన దీనికి ‘థానటూరిజం’ అని పేరు పెట్టాడు. ఇది టెలివిజన్‌తో వచ్చిన జబ్బు కాదనీ, చావును గురించి తలపోయడం మతాచారంగా ఉన్న మధ్యయుగాల నుంచీ మనుషులు ఇలా ప్రయాణాలు చేస్తూనే ఉన్నారనీ అన్నాడు. 1815లో వాటర్లూ యుద్ధం ముగిసీ ముగియకముందే ఆ మైదానం చూడటానికి జనం దారి కట్టిన సంగతి అందరికీ తెలిసిందే.

ఈ తగువులో నేను సీటన్ పక్షం. అందుకు ఐరోపా దాకా పోనక్కరలేదు. బరంపురం నుంచి రైలెక్కితే పూట ప్రయాణంలో బొబ్బిలి వస్తుంది. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల ముందు ఆ కోట నేలమట్టమైంది. లోపల ఆడవారూ పిల్లలూ మంటల్లో పోయారు. తాండ్ర పాపారాయుడు విజయనగరం రాజు విజయరామరాజును చంపి తానూ చనిపోయాడు. కోట ఉన్న చోట బొబ్బిలి రాజులు 1891లో స్మారక స్తంభం నిలబెట్టారు. కానీ అంతకు ఎంతో ముందునుంచే జంగం కథకులు ఆ యుద్ధాన్ని ఊరూరా పాడుతూ వచ్చారు, విన్నవారు ఆ మట్టి చూడటానికి వెళ్తూ వచ్చారు. పల్నాటి కారంపూడిలో వీరుల ఉత్సవం నేటికీ ఏటా జరుగుతుంది. వీరగల్లు లేని తాలూకా తెలుగునాట అరుదు. చచ్చిపోయినవారి చోటుకు పోయి, కథ విని, దణ్ణం పెట్టుకుని రావడం మనకు టీవీ నేర్పిన విద్య కాదు.

లెనన్, సీటన్‌ల తగువును వారి తరవాతి తరంలో ఒక వ్యక్తి తన ఉద్యోగ జీవితంగా మార్చుకున్నాడు. ఆయన పేరు ఫిలిప్ స్టోన్. విద్యారంగంలోకి రాకముందు ఆయన పర్యాటక, విశ్రాంతి వ్యాపారాల్లో మేనేజరుగా, సలహాదారుగా పనిచేశాడు. ఉత్తర ఇంగ్లండులోని ప్రెస్టన్ నగరంలో ఉన్న సెంట్రల్ లంకాషైర్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరి, 2006లో ప్రకటించిన వ్యాసంలో ఈ చోట్లన్నిటినీ లేత నుంచి చిక్కన దాకా ఒక వరుసలో పేర్చాడు. లేత చివర లండన్‌లోని భయపెట్టే వినోదశాలల్లాంటివి ఉన్నాయి: టిక్కెట్టు కొంటే పాతకాలపు తలారి వేషంలో మనిషి ఎదురొచ్చి నవ్వించే రకం. చిక్కని చివర పోలండులో నాజీలు నడిపిన ఆష్విట్స్ వంటి మారణహోమ శిబిరాలున్నాయి. మధ్యలో ప్రదర్శనలు, పాత జైళ్ళు, శ్మశానాలు, దారిపక్క వెలిసే పూలగుట్టలు, యుద్ధభూములు. వరుసలో ఒక చోటు స్థానాన్ని నిర్ణయించడానికి ఆయన వేసిన ప్రశ్నలు ఉపయోగపడేవే. చావు అక్కడే జరిగిందా, లేక దాన్ని గురించి మరోచోట చెబుతున్నారా? కట్టడం చరిత్రను కాపాడటానికి లేచిందా, గల్లాపెట్టె నిండటానికా? వెనక రాజకీయం ఎంత?

2008లో రిచర్డ్ షార్ప్లీతో కలిసి రాసిన వ్యాసంలో స్టోన్ చోటును వదిలి మనిషి వైపు తిరిగాడు. పడమటి సమాజాల్లో చావు ఇంట్లో నుంచి ఆసుపత్రికీ, ఆసుపత్రి నుంచి అంత్యక్రియల కంపెనీకీ తరలిపోయింది. సొంతవారి శవాన్ని కూడా దగ్గరగా చూడని మనిషికి చావును తలపోయడానికి ఒక దారి కావాలి. ఎవరిదో చావు జరిగిన చోటు ఆ దారి చూపుతుంది. ఇదీ వారి సూత్రం. 2010లో ఆయన దీని మీదే డాక్టరేటు పొందాడు. 2012లో ప్రెస్టన్‌లో డార్క్ టూరిజం పరిశోధనకే ప్రత్యేకంగా ఒక సంస్థను ప్రారంభించి దానికి డైరెక్టరయ్యాడు. 2018లో వెలువడిన పెద్ద కరదీపికకు ప్రధాన సంపాదకుడు ఆయనే. 2021లో ఇంగ్లండులోని 111 చీకటి చోట్లను పరిచయం చేస్తూ యాత్రికుల కోసం ఒక మార్గదర్శి కూడా రాశాడు. జనం ఇలాంటి చోట్లకు ఎందుకు వెళ్తారని పరిశోధించిన పండితుడే వెళ్ళడానికి దారి చెప్పే పుస్తకం రాయడం ఈ శాఖ స్వభావాన్ని ఏ సిద్ధాంత వ్యాసం కన్నా బాగా తెలియజేస్తుంది. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. వ్యాపారం నుంచి వచ్చిన శాఖ వ్యాపారానికి మొహం చాటేయలేదు, అంతే.

విమర్శకులు లేకపోలేదు. ‘డార్క్’ అన్న విశేషణమే చూపరిని ముందుగా అనుమానిస్తుందని కొందరు అన్నారు. 2011లో బిరాన్, పోరియా, ఓరెన్ అనే పరిశోధకులు ఆష్విట్స్ సందర్శకులను అడిగి చూస్తే, చావు మీద ఆసక్తితో కాక జరిగింది తెలుసుకోవడానికీ, కళ్ళారా చూస్తే తప్ప నమ్మలేకపోవడం వల్లా, తమవారితో ఉన్న బంధం వల్లా వచ్చినవారే ఎక్కువ కనిపించారు. 2017లో డంకన్ లైట్ ఇరవయ్యేళ్ళ పరిశోధననంతా సమీక్షించి, దీన్ని మామూలు వారసత్వ పర్యాటకం నుంచి వేరుచేసి చూపడం కష్టమనే చోటికి వచ్చాడు. ఈలోగా జనం ఆగలేదు. 2019లో ఒక్క ఆష్విట్స్‌కే 23 లక్షల మందికి పైగా వచ్చారు. శిబిరంలోకి పోయే రైలు పట్టాల మీద పడిపోకుండా నడుస్తూ ఫోటోలు దిగవద్దని ఆ ఏడాదే ప్రదర్శనశాల వారు బహిరంగంగా వేడుకోవలసి వచ్చింది.

స్టోన్ సూత్రాన్ని మన ఊళ్ళకు యథాతథంగా తెస్తే నిలవదు. గంజాంలో గానీ కొరాపుట్‌లో గానీ చావు ఇంకా ఇంట్లోంచి వెళ్ళిపోలేదు. శవం వాకిట్లోనే ఉంటుంది, వీధి వీధంతా వచ్చి చూస్తుంది, పదకొండో రోజో పన్నెండో రోజో దాకా మైల ఉంటుంది. చావును చూడబోవడానికి తెలుగులో ఒక పేరుంది, దానికో పద్ధతి ఉంది: పరామర్శ. పరామర్శకు వెళ్ళినవాడు ఇంటివారు చెప్పేది వింటాడు, తాను ఎక్కువ మాట్లాడడు, లేచేటప్పుడు ‘వెళ్ళొస్తాను’ అనడు, ఇంటికి చేరి స్నానం చేస్తాడు. ఎదుటివాడి దుఃఖానికి తానూ కొంత అంటుపడ్డానని ఒప్పుకోవడమే ఆ స్నానం అర్థమని నాకు తోస్తుంది. బోధనలో ఈ మాటను వాడుకుంటే విద్యార్థులకు చాలా సంగతులు తేలికగా తెలుస్తాయి. పర్యాటకుడికీ పరామర్శకు వచ్చినవాడికీ ఉన్న తేడా వెళ్ళే చోటులో లేదు, అక్కడ మాట ఎవరిదన్న దానిలో ఉంది. పరామర్శలో మాట చావు జరిగిన ఇంటివారిది.

చిక్కంతా అక్కడే. సరిహద్దు జిల్లాల్లో చావు జరిగిన ఇల్లు ఎవరిదన్నది ఎప్పుడూ ఒక్క జవాబుతో తేలదు.

బరంపురం జైలు సంగతి చూద్దాం. 1943 మార్చి 29న అక్కడ లక్ష్మణ్ నాయక్‌ను ఉరి తీశారు. కొరాపుట్ ప్రాంతంలోని తెంతులిగుమ్మకు చెందిన ఆ గిరిజన నాయకుడు 1942 ఆగస్టు 21న మత్తిలి పోలీసు స్టేషను మీదికి ఊరేగింపు నడిపించాడు. పోలీసులు కాల్పులు జరిపారు. ఆ గందరగోళంలో ఒక అటవీ కాపలాదారు చనిపోయాడు. ఆ హత్యను నాయక్ మీద మోపి శిక్ష వేశారు. అది అబద్ధపు కేసని ఒడిశాలో అందరూ అంగీకరిస్తారు, ఆయనను అమరవీరుడిగా కొలుస్తారు, అది న్యాయమే. చనిపోయిన కాపలాదారు పేరు జి. రామయ్య. ఆ పేరు ఎవరి భాషదో తెలుగువాడికి వేరే చెప్పనక్కరలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల నుంచీ ఏజెన్సీలో చిన్న ఉద్యోగాలకు ఎక్కిన మైదాన ప్రాంతపువారిని అడవి ప్రజలు ఏ కంటితో చూసేవారో కూడా చెప్పనక్కరలేదు. రామయ్యకు విగ్రహం కావాలని ఎవరూ అనరు, నేనూ అనను. కానీ మత్తిలి కథ చెప్పేటప్పుడు ఆ పేరు పలకకుండా దాటేసే పాఠం, కళింగలో పదమూడో శాసనాన్ని దాటేసిన పాఠం లాంటిదే అవుతుంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రంగా ఏర్పడి బరంపురం, పర్లాకిమిడి అటు చేరేవరకూ ఈ ప్రాంతమంతా మద్రాసు పాలనలో ఉండేది. అందువల్ల ఇక్కడి చావుల సాక్ష్యాలు చాలావరకు మద్రాసుకు చేరాయి. వాటిలో అందరికీ తెలిసింది ఎగ్మూరు ప్రదర్శనశాలలో ఉన్న మెరియా స్తంభం. గంజాం మన్యంలోని కొందులు అనే గిరిజనులు భూదేవికి మనుషులను బలి ఇచ్చిన కొయ్య అది, ఏనుగు తల ఆకారంలో ఉంటుంది. 1836లో మద్రాసు ప్రభుత్వ అధికారి రస్సెల్ ఈ ఆచారం గురించి నివేదిక పంపాడు. 1845లో దాన్ని అణచడానికి ప్రత్యేకంగా మెరియా ఏజెన్సీ ఏర్పడింది. బలి నిజం; దాన్ని వెనకేసుకు రావలసిన పని లేదు. అయితే రస్సెల్ ఆ కొండలకు వెళ్ళింది బలి ఆపడానికి కాదు, కప్పం బకాయిపడిన ఘుమ్సర్ రాజు మీద దండయాత్రకు. 1835 నుంచి 1837 దాకా సాగిన ఆ యుద్ధంలో కొందుల ఊళ్ళను తగలబెట్టారు, నాయకులను ఉరి తీశారు. ఆ అధికారి పేరుతోనే రస్సెల్‌కొండ అనే పట్టణం వెలిసింది. ఇప్పుడు దాన్ని భంజనగర్ అంటున్నాం. బలికొయ్య ప్రదర్శనశాలలో భద్రంగా ఉంది. ఉరికొయ్యలు ఏ ప్రదర్శనశాలలోనూ లేవు. తమ చోటులో లేకుండా మరోచోట చావును చూపే ప్రదర్శనను స్టోన్ తన వరుసలో లేత వైపు పెట్టాడు. ఈ కొయ్య విషయంలో మాత్రం ఆ నిర్ణయం సరిపోదనిపిస్తుంది, ఎందుకంటే అది ఒక జాతి మొత్తానికి తరతరాలుగా పేరు పెడుతోంది.

గంజాం ఊరి దగ్గరి పోతగడ కోటను గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1768లో తెల్లదొరలు కట్టిన నక్షత్రాకారపు కోట. 1815లో విషజ్వరాలు వచ్చి జనం రాలిపోగా అధికారులు ఊరు వదిలి వెళ్ళిపోయారు. శిథిలం, చెట్లు, మధ్యాహ్నపు నిశ్శబ్దం ఉన్నాయి కాబట్టి ఎప్పటికైనా పర్యాటక కరపత్రంలోకి ఎక్కే చోటే.

కరపత్రంలోకి ఎక్కని చావులున్నాయి. 1866 నాటి కరవును ఒడియాలో ‘నఅంక’ అంటారు. పూరీ గజపతి తొమ్మిదో అంకంలో, అంటే ఆయన రాజ్యకాల లెక్కలో తొమ్మిదో ఏట వచ్చింది కాబట్టి ఆ పేరు. ఒడిశాలో పది లక్షలమంది దాకా పోయారని అంచనా. గంజాం కూడా ఆ దెబ్బ తిన్నది. ఇన్ని చావులకు ఒక చోటు లేదు, గోడ లేదు, టిక్కెట్టు పెట్టడానికి గేటు లేదు. ఆకలితో పోయినవాడు దారిలో పోతాడు. ఆ శతాబ్దం చివరి దశాబ్దాల్లో తవ్విన ఋషికుల్య కాలువలే ఆ కరవులకు మిగిలిన గుర్తు అనుకోవచ్చు, కానీ కాలువ గట్టు మీద ఎవరూ ఫోటో దిగరు. డార్క్ టూరిజం పుస్తకాల్లో జైళ్ళకూ యుద్ధభూములకూ ఉన్నన్ని పుటలు కరవులకు ఎందుకు లేవో దీన్ని బట్టి గ్రహించవచ్చు: ఈ శాఖ చావును కాదు, చావు తాలూకు కట్టడాన్ని చదువుతుంది. బోధించేవారు మొదటి తరగతిలోనే ఒప్పుకోవలసిన లోపం ఇది.

మల్కనగిరి జిల్లాలో బలిమెల జలాశయం ఇంకా పచ్చి గాయం. సీలేరు నదికి అడ్డంగా ఆంధ్ర, ఒడిశా కలిసి కట్టిన ఈ ఆనకట్ట వల్ల చిత్రకొండ దగ్గర 151 ఊళ్ళు మూడు వైపుల నీళ్ళ మధ్య చిక్కి దశాబ్దాలపాటు మిగతా జిల్లా నుంచి తెగిపోయాయి; వాటికి ‘కటాఫ్ ఏరియా’ అన్న పేరే స్థిరపడింది. 2008 జూన్ 29న ఆ జలాశయంలో పడవ మీద వస్తున్న బలగాలపై కొండ మీది నుంచి మావోయిస్టులు కాల్పులు జరపడంతో 38 మంది పోయారు. వారిలో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ గ్రేహౌండ్స్ పోలీసులు. రోజుల తరబడి నీళ్ళలో శవాల కోసం వెతికారు. 2016 అక్టోబరు 24న అదే కటాఫ్ ప్రాంతంలోని రామగుడ దగ్గర జరిగిన ఎదురుకాల్పుల్లో 30 మంది దాకా మావోయిస్టులు హతులయ్యారు, అందులోనూ తెలుగువారున్నారు. 2018 జూలై 26న 910 మీటర్ల గురుప్రియ వంతెనను ప్రారంభించారు. ప్రాంతం పేరు స్వాభిమాన్ అంచల్‌గా మారింది. ఇప్పుడు వంతెన మీద కార్లు ఆపి జనం నీళ్ళనూ కొండలనూ ఫోటో తీసుకుంటున్నారు. చోటు చూడచక్కనిదే, ఆ మాట కాదనలేం.

లెనన్, ఫోలీ గీసిన గిరి ప్రకారం ఇది అచ్చమైన డార్క్ టూరిజం స్థలం: బతికున్నవారి జ్ఞాపకంలో ఉంది, టీవీ వార్తలకెక్కింది, ప్రభుత్వం మీదా అభివృద్ధి మీదా ప్రశ్నలు లేవదీస్తుంది. స్టోన్ వరుసలో దీన్ని ఎక్కడ పెట్టాలో మాత్రం తేల్చడం కష్టం, ఎందుకంటే చావు అక్కడే జరిగినా చెప్పే బోర్డు ఒక్కటీ నాకు కనబడలేదు. ఈ జిల్లాల్లో ఈ పాఠం చెప్పే అధ్యాపకుడి ఇబ్బంది కూడా ఇక్కడే బయటపడుతుంది. అతని విద్యార్థి ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషు చదివే మనిషి. పుస్తకంలోని ఉదాహరణలు డాలస్‌వి, ఆష్విట్స్‌వి. పొలిమేరలోని జలాశయం గురించి నోరెత్తితే ఒకరికి పోలీసు పక్షంగానూ ఒకరికి అన్నల పక్షంగానూ వినిపిస్తుంది.

కిందటి శీతాకాలం నేను చిత్రకొండ వైపు వెళ్ళినప్పుడు, పడవ నడిపే పెద్దాయన మా తెలుగు విని, అడగకుండానే ఒక కొండవాలు చూపించి ‘అక్కడి నుంచే కొట్టారు బాబూ’ అన్నాడు. మా వెనక వరసలో జయపురం నుంచి వచ్చిన ఒడియా కుటుంబం ఉంది. వారికి వేరే కొండ చూపించి, అక్కడి నుంచి దిగువకు రోడ్డు ఉండేదని వారి భాషలో చెప్పాడు. తిరుగుదారిలో ప్రయాణికులు మాట్లాడటం మానేశాక, తనతో ఉన్న కుర్రాడికి నీళ్ళ మధ్య ఏ గుర్తూ లేని చోటు ఒకటి చూపిస్తూ అక్కడి కొండల భాష దేశియాలో చాలాసేపు ఏదో చెప్పాడు. అది నాకు అర్థం కాలేదు. తరవాత అడిగితే, అది వాళ్ళ నాన్న పొలమని చెప్పాడు.